సమస్యాపూరణం: జూను రెండున దసరాయెఁ జూడ రండు

తెలంగాణ అవతరణ దినం కోసం ఇచ్చిన సమస్య ఇది. ఈ పాదం చివర వచ్చేలా ముందు మూడు పాదాలు రాయడమే పూరణ. ఇది తేటగీతి పద్యానికి నాలుగో పాదం. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు (గణం అంటే లఘుగురువుల గుంపు). నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కలిసే అక్షరం, ఇక్కడ జూ–జూ.

ఆశ్వయుజంలో రావలసిన దసరా జూన్‌లో ఎలా వచ్చిందో చెప్పాలి. అదే చిక్కు. "పద్యంలో జూను ఏమిటండీ, జ్యేష్ఠం అంటే పోయేది కదా" అని ఒక పెద్దాయన కోప్పడ్డారు. తిథి ఏటా జరుగుతుంది, జూన్ 2 జరగదు. జీవోలో ఉన్న తేదీని పంచాంగంలోకి మార్చడం నా వల్ల కాదు.

వరంగల్ మిత్రుని పూరణ:

పాలపిట్టయె మా నేల పక్షి యయ్యె
జమ్మి రాష్ట్రపు వృక్షమై చాటెఁ బేరు
పూలలో రాణి తంగేడు పొలుపు మీఱె
జూను రెండున దసరాయెఁ జూడ రండు

సమస్య చూడగానే చాలామందికి తట్టే దారి ఇదే, కానీ ఇంత శుభ్రంగా కుదరడం తేలిక కాదు. పండుగనాడు ఊరి పొలిమేర దాకా వెళ్లి పాలపిట్టను చూసి రావడం, జమ్మి ఆకును 'బంగారం' అని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కడం, అంతకు ముందే బతుకమ్మ కోసం తంగేడు కోసుకు రావడం, మూడూ దసరా ముచ్చట్లే. రాష్ట్ర చిహ్నాలలో జింకను మాత్రం వదిలేశారు. జింకకు దసరాతో పని లేదు, తెలిసే వదిలారనుకుంటాను.

రెండు మాటలు చెప్పాలి. ఈ చిహ్నాలు ఖరారైంది 2014 నవంబరులో. కాబట్టి పద్యం మొదటి జూన్ రెండుకు పనికిరాదు, ఆ తర్వాతి వాటికి సరిపోతుంది. రెండోది, ఈ సంగతులు తెలియనివాడికి మూడు పాదాలూ వట్టి జాబితా. దసరా పేరెత్తకపోయినా జమ్మి 'బంగారం' ఒక్కటి పడి ఉంటే ముడి బిగిసేది.

దీనికి గుంటూరు సోదరుని వ్యాఖ్య: "అన్నా, పద్యం బాగుంది గానీ 'మా నేల పక్షి యయ్యె' అని కొత్తగా అయినట్టు చెప్పారే! ఉమ్మడి రాష్ట్రంలోనూ పాలపిట్టే కదా. మేం 2018లో రామచిలుకకు మారాం." నిజమే. జమ్మి, తంగేడు కొత్తగా వచ్చాయి, పాలపిట్ట ముందునుంచీ ఉంది. "అయ్యె" బదులు "ఉండె" అన్న అర్థం వచ్చే మాట వెతకండి.

నల్గొండ మిత్రుని పూరణ:

అరువదేడుల యజ్ఞాత మంత మయ్యె
జమ్మి దిగి వచ్చె బరిలోకి జనుల పోరు
గెలుపు నాఁడె పండుగ గాదె! కేలు కలిపి
జూను రెండున దసరాయెఁ జూడ రండు

ఊహ గొప్పది. పాండవులు జమ్మిమీద దాచిన ఆయుధాలను అజ్ఞాతవాసం చివర దించుకున్నట్టు, 1969 ఉద్యమం తర్వాత అణిగినట్టు కనిపించిన పోరాటం మళ్లీ దిగి వచ్చిందన్నమాట. "జమ్మి దిగి వచ్చె" దగ్గర నేను ఆగిపోయాను.

మొదటి పాదం మాత్రం తిప్పలు పెడుతుంది. అరవై ఏళ్లా, అరవై ఏడా? రెండు రకాలుగానూ విడదీయొచ్చు. లెక్క చూస్తే ఉమ్మడి రాష్ట్రం ఏర్పడిన 1956 నవంబరు 1 నుంచి 2014 జూన్ 2 దాకా 58 ఏళ్లు కూడా నిండలేదు. "అన్ని నాళుల యజ్ఞాత మంత మయ్యె" అంటే గణాలూ యతీ కుదురుతాయి, లెక్కతో పేచీ ఉండదు. మూడో పాదంలో "కేలు కలిపి" పోయి "చూడ రండు"తో అన్వయించాలి, మధ్యలో "దసరాయె" అడ్డం. దూరాన్వయమే, కానీ ప్రాణం పోయేంత దోషం కాదు.

సిద్దిపేట సోదరి పూరణ:

కవులు లేరన్న మాటకుఁ గవుల తోడ
బదులు చెప్పిన గడ్డకుఁ బండుగొచ్చె
పదము పదమును బతుకమ్మ పాట యయ్యె
జూను రెండున దసరాయెఁ జూడ రండు

అమ్మా, అందరూ చెట్లూ పిట్టలూ పట్టుకుంటే మీరు సురవరం ప్రతాపరెడ్డిని తెచ్చారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తీసుకొచ్చిన సంగతి పేరు చెప్పకుండా మొదటి పాదంలో ఇమిడిపోయింది. ఆత్మగౌరవం గురించి గొంతు చించుకోకుండా చెప్పిన పద్యం ఇది. "పండుగొచ్చె" వ్యావహారికం. దిద్దమని ఇద్దరు అన్నారు, నేను దిద్దను.

కరీంనగర్ మిత్రుని అభ్యంతరం మాత్రం గట్టిదే: "బతుకమ్మ చివరి రోజైన సద్దులతో అయిపోతుంది. దసరా ఆ వెనక. పూరణలో బతుకమ్మ దాకా వచ్చి ఆగారు." ఔను, సమస్య అడిగింది దసరా. నాకు నచ్చిన పద్యం ఇదే అయినా, పూరణగా చూస్తే నల్గొండ పద్యానిదే పైచేయి.

ఇంతకుముందు పద్యం రాయని ఒక తమ్ముడు పంపినది:

పదియు జిల్లాలు ముప్పది మూడు గాఁగ
జిల్ల జిల్లాకు సంబురం జేరె నేఁడు
ఊరు వాడల తోరణా లూఁగు చుండ
జూను రెండున దసరాయెఁ జూడ రండు

గణాలన్నీ సరిగ్గా పడ్డాయి. మొదటి పాదంలో యతి తప్పింది: ప–మూ కలవవు. "మొదటఁ బది యైన ముప్పది మూడు గాఁగ" అంటే మొ–మూ కలుస్తాయి. అసలు లోటు వేరే ఉంది తమ్ముడూ. తోరణాలు ఏ పండుగకైనా ఊగుతాయి, దసరాకే ఎందుకు? జవాబు నీ చేతిలోనే ఉంది. పది జిల్లాలు ముప్పై ఒకటి అయింది 2016 అక్టోబరు 11న, సరిగ్గా దసరానాడు. ములుగు, నారాయణపేట 2019లో చేరాయి. జిల్లాలు పట్టుకున్నావు, ఆ రోజును వదిలేశావు. మళ్లీ రాయి.

ఆ సాయంత్రానికే వచ్చింది:

దసరకే కొత్త జిల్లాలు తలుపు తెఱచె
బదులు తీర్చఁగ నీ జూను పండుగయ్యె
ఊరు వాడల తోరణా లూఁగు చుండ
జూను రెండున దసరాయెఁ జూడ రండు

దసరా జిల్లాలనిచ్చింది, జూను ఆ బాకీ తీర్చింది! "దసర" అని కుదించడం కాస్త నొప్పే, నోటిమాటలో ఉన్నదే కాబట్టి ఒప్పుకుందాం. "జూను" ఒకే పద్యంలో రెండుసార్లు పడింది, రెండో పాదంలో దాన్ని మార్చుకుంటే ఇంకా బాగుంటుంది. పూరణల గడువు ఆదివారం దాకా ఉంది. చిహ్నాల పద్యాలు ఇక చాలు, మరో దారి పట్టినవి పంపండి.