బీఎస్సీ రెండో ఏడాది వేసవి: జామ్ కోచింగా, ప్రయోగశాలలో రెండు నెలలా?

సిక్కోలు_కెమిస్ట్రీ: ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రెండో ఏడాది చదువుతున్నాను. ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ చేయాలని కోరిక. మన దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే, రెండు నెలలు ప్రయోగశాలలో పనిచేసే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టమని తెలిసిన అక్క చెప్పింది. నాన్న మాత్రం ఆ సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్‌కు కోచింగ్‌లో చేరమంటున్నారు. రెండూ కుదరవు. ఏది మేలు?

బ్యూరెట్: ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను. ప్రయోగశాలకే వెళ్లమ్మా. జామ్ అంటే మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. పరీక్ష ఫిబ్రవరిలో. మూడో ఏడాది జూన్‌లో మొదలుపెట్టినా ఎనిమిది నెలలుంటాయి. రేపు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ‘నువ్వు చేసిన ప్రయోగంలో ఫలితం ఎందుకలా వచ్చింది?’ అంటే కోచింగ్ నోట్సు ఆదుకోదు. సైన్స్ డిగ్రీ పిల్లలకు కేంద్రం ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ కింద ఏడాదికి ఇచ్చే 80,000 రూపాయల్లో 20,000 వేసవి ప్రాజెక్టుకే కేటాయించారంటే కారణం ఉండదా?

పెన్నా_తీరం: ఇన్‌స్పైర్ ఇంటర్‌లో పైనున్న ఒక్క శాతం పిల్లల మాట. ఈ వేసవి ఫెలోషిప్‌కు అధ్యాపకుడి సిఫారసు లేఖ కావాలి. జామ్‌కు ఎవరి లేఖా అక్కర్లేదు. ఆ మార్కులతో ఐఐటీల్లో ఎమ్మెస్సీకి, బెంగళూరు ఐఐఎస్సీలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి చేసే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి దారి ఉంది. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్, వస్తే నెలకు 37,000 రూపాయలు. అక్కడా లేఖ అడగరు.

మేడ్చల్_03: చెల్లీ, ఆ ఫెలోషిప్ దరఖాస్తులు మామూలుగా నవంబరులోనే ముగుస్తాయి. ముందు తేదీ చూసుకో.

బ్యూరెట్: ఐఐఎస్సీలో జామ్ తర్వాత ఇంటర్వ్యూ కూడా ఉంటుంది, అది చెప్పలేదు మీరు. ఇక లేఖంటారా, ఏ అధ్యాపకుణ్ని అడిగినా ఇస్తారు.

పెన్నా_తీరం: ఏ అధ్యాపకుణ్ని అడిగినా ఇస్తారా? నేను అడిగాను. మూడు రోజులు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాను. నాలుగో రోజు ఆయన తలెత్తి ‘నీ పేరేమిటి?’ అన్నారు. రెండేళ్లు ఆయన పాఠం విన్నవాణ్ని. ఈలోగా గడువు దాటింది.

బ్యూరెట్: ఒకరి తప్పు అందరికీ పులమకండి. ఆ రెండేళ్లలో మీరు ఒక్క సందేహమైనా అడిగారా? గడువుకు రెండు రోజుల ముందు కాగితం పట్టుకొచ్చేవాళ్లను నేనూ తిప్పి పంపాను. నలభై ప్రయోగశాల రికార్డులుంటే నలభైలోనూ టైటర్ విలువ, అంటే బ్యూరెట్ అనే కొలత గొట్టం నుంచి దిగిన ద్రావణం, 9.8 మిల్లీలీటర్లే! ఒక్కరూ బ్యూరెట్ ముట్టుకోలేదు. వాళ్లు పరిశోధనకు తగినవాళ్లని అబద్ధం రాయమంటారా?

పెన్నా_తీరం: ఆ నలభై రికార్డుల మీద సంతకం ఎవరిది మాస్టారూ? 9.8 అబద్ధమని తెలిసే పెట్టారు కదా! మా కళాశాలలో బ్యూరెట్లు పగిలితే లెక్క చెప్పాలని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ముట్టుకోనివ్వకుండా, ముట్టుకోలేదని మమ్మల్నే అంటే ఎలా? పరీక్ష మీద ప్రేమతో చెప్పడం లేదు నేను. మా పేరు తెలిసినవాళ్లు లేనిచోట మాకు మిగిలింది అదొక్కటే.

వరంగల్_వాసి: ఆ అమ్మాయి అడిగిందేమిటి, మీరు మాట్లాడుతున్నదేమిటి?

బ్యూరెట్: సంతకం నాదే. ముగ్గురి పని ఒక్కణ్నే చేసేవాణ్ని, బ్యాచికి ఆరు బ్యూరెట్లు. అది మీ ప్రశ్నకు జవాబు కాదని తెలుసు. అయినా ప్రయోగశాలకే వెళ్లమంటాను. మేము ఇవ్వలేకపోయింది అక్కడైనా దొరుకుతుంది.

పెన్నా_తీరం: వెళ్లగలిగితే వెళ్లమనే నేనూ అంటాను. లేఖ రాకపోతే ఆ పిల్లకు మీరేం చెబుతారు? దానికింకా బదులు రాలేదు.

సిక్కోలు_కెమిస్ట్రీ: నా రికార్డు కూడా సీనియర్ అక్కది చూసి రాసిందేనండి. ఇప్పుడు మేడమ్‌ను లేఖ అడగడానికి ముఖం చెల్లడం లేదు. గురువారం ప్రాక్టికల్స్ ఉన్నాయి, పర్మాంగనేట్ టైట్రేషన్. ఈసారి బ్యూరెట్ నేనే నింపుతాను. ఆ తర్వాత అడుగుతాను. బ్యూరెట్ గారూ, కొలత ద్రావణం పై అంచు దగ్గర చూడాలా, అడుగు వంపు దగ్గరా?

బ్యూరెట్: మామూలుగా అడుగు వంపు దగ్గర. పర్మాంగనేట్ ముదురు రంగులో వంపు కనబడదు కాబట్టి పై అంచు దగ్గర చూడు. కన్ను ఆ మట్టానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి తల్లీ. ఎంత వస్తే అంతే రాయి.