అటారీ ఎస్‌టీ, డీఎక్స్7, జూనో-106, టీఆర్-606 కలిపితే వచ్చిన నాలుగు చిక్కులు

నల్లమెట్టు:

సెటప్ ఇది. పాత కంప్యూటర్ అటారీ 1040ఎస్‌టీఎఫ్‌ఎమ్ (యూకే మోడల్, ఎస్‌ఎమ్124 మానిటర్, డాంగిల్‌తో సహా క్యూబేస్ అనే సీక్వెన్సర్ ప్రోగ్రామ్), సింథసైజర్లు యమహా డీఎక్స్7 మొదటి మోడల్, రోలాండ్ జూనో-106, డ్రమ్ మెషీన్ రోలాండ్ టీఆర్-606. సింథ్‌లు రెండూ జపాన్ మార్కెట్‌వి, వెనక 100 వోల్టులు అని ఉంది. 230 నుంచి 110కి దించే స్టెప్‌డౌన్ మీద నడుపుతున్నాను. సీక్వెన్సింగ్ (ఏ నోట్ ఎప్పుడు పలకాలో నడిపించడం) అంతా అటారీలోనే. రికార్డింగ్ మాత్రం ల్యాప్‌టాప్‌లోకి, నాలుగు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా.

ఇవీ చిక్కులు:

1. క్యూబేస్‌లో ప్లే నొక్కితే 606 కదలదు. అటారీ మిడి (వాద్యాలు ఒకదానికొకటి నోట్ల సందేశాలు పంపుకునే పద్ధతి) అవుట్ నుంచి 606 సింక్ సాకెట్‌కి మిడి కేబుల్ పెట్టాను.
2. క్యూబేస్ నడుస్తుండగా డీఎక్స్7 వాయిస్తే ప్రతి నోట్ రెండు సార్లు పలికినట్టు, ఫేజర్ వేసినట్టు వస్తోంది. పెద్ద కార్డ్స్‌లో (ఒకేసారి నొక్కే నోట్ల గుంపుల్లో) ముందు నోట్లు తెగిపోతున్నాయి.
3. జూనోలో మధ్యమధ్యలో ఒక నోట్ పలకదు. ఒక్కోసారి చిటపటమంటుంది.
4. ల్యాప్‌టాప్ కలపగానే హమ్ (గుయ్‌మనే మోత).

ఏది ముందు చూడాలి?

తీగలపని:

ముందు ఆ 606 కేబుల్ పీకేయండి, మిగతావి తర్వాత.

606 వెనక ఉన్నది మిడి కాదు, డిన్ సింక్ (టెంపో పల్సులు, స్టార్ట్/స్టాప్ మాత్రమే పంపే పాత పద్ధతి). 606 వచ్చింది 1981లో, మిడి యంత్రాలు మార్కెట్‌లోకి వచ్చింది 1982-83లో. సాకెట్ మాత్రం అదే ఐదు పిన్నుల డిన్ కావడంతో ప్లగ్ హాయిగా పట్టేస్తుంది. మిడి వాడేది 4, 5 పిన్నులు, అదీ సీరియల్ డేటాగా, సెకనుకి 31,250 బిట్ల వేగంతో. డిన్ సింక్‌లో 1వ పిన్ స్టార్ట్/స్టాప్ (ఆడుతున్నంతసేపూ 5 వోల్టులు), 3వ పిన్ క్లాక్ (క్వార్టర్ నోట్‌కి 24 పల్సులు), 2వది గ్రౌండ్. ఒకదాని మాట ఇంకోదానికి వినపడనే వినపడదు.

పీకేయమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. అటారీకి విడిగా మిడి త్రూ (ఇన్‌లోకి వచ్చినదాన్ని అలాగే ముందుకు పంపే) సాకెట్ లేదు. ఆ త్రూ సిగ్నల్‌ని అవుట్ సాకెట్‌లోనే ఖాళీగా ఉన్న 1, 3 పిన్నుల మీద ఇచ్చారు. 606 సింక్ స్విచ్ అవుట్ వైపు ఉంటే అదీ ఆ రెండు పిన్నుల మీదే 5 వోల్టులు తోస్తుంది. ఐదు వైర్లూ ఉన్న కేబుల్ అయితే రెండు అవుట్‌పుట్‌లు ఎదురెదురుగా ఢీకొన్నట్టే. 2, 4, 5 మాత్రమే ఉన్న కేబుల్ అయితే ఏమీ కాదు. మీది ఏ రకమో మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టి చూసుకోండి. అటారీ అవుట్‌కి మూడు వైర్ల కేబులే వాడండి. డిన్ సింక్‌కి మాత్రం 1, 2, 3 ఉన్నది కావాలి, కాబట్టి రెండు కేబుళ్లకీ వేర్వేరు రంగు టేప్ చుట్టి పెట్టుకోవడం మేలు.

మధ్యలో మిడి క్లాక్‌ని డిన్ సింక్‌గా మార్చే డబ్బా కావాలి. డోప్‌ఫర్ ఎమ్‌ఎస్‌వై2, కెంటన్ డీ-సింక్, పాతవాటిలో కోర్గ్ కేఎమ్‌ఎస్-30. కోర్గ్ పద్ధతి క్వార్టర్ నోట్‌కి 48 పల్సులు, రోలాండ్‌ది 24, అందుకే కేఎమ్‌ఎస్-30 మీద ఉన్న స్విచ్‌ని 24కి పెట్టాలి. 48లో ఉంటే 606 రెట్టింపు వేగంతో పరిగెడుతుంది. 606 స్విచ్ ఇన్ వైపు, క్యూబేస్ సింక్ పేజీలో మిడి క్లాక్ అవుట్ ఆన్.

గొలుసు ఇలా: అటారీ అవుట్ నుంచి డీఎక్స్7 ఇన్, డీఎక్స్7 త్రూ నుంచి జూనో ఇన్, జూనో త్రూ నుంచి కన్వర్టర్ ఇన్. రికార్డింగ్ కోసం డీఎక్స్7 అవుట్ నుంచి అటారీ ఇన్. త్రూ గొలుసు వల్ల టైమింగ్ వెనకబడుతుందని చాలామంది అనుకుంటారు కానీ ఒక్కో త్రూ దగ్గర ఆలస్యం మైక్రోసెకన్లలోనే. గొలుసు పొడుగయ్యేకొద్దీ ఆప్టోకప్లర్లలో (వెలుగుతో సిగ్నల్ దాటించి, రెండు వైపుల కరెంటునీ విడిగా ఉంచే చిప్పులు) పల్సుల అంచులు అరిగి బైట్లు చెడిపోవడం అసలు ఇబ్బంది. మూడు యంత్రాల దాకా బెంగ లేదు. అంతకు మించితే త్రూ బాక్స్ (ఒక ఇన్‌ని చాలా త్రూలుగా పంచేది).

టైమింగ్ నిజంగా జారేది వేరే చోట. ఒక మిడి బైట్‌కి 320 మైక్రోసెకన్లు, ఒక నోట్‌కి మూడు బైట్లు, అంటే దాదాపు 1 మిల్లీసెకను. ఒకే బీట్ మీద పది నోట్లు పడితే చివరిది దాదాపు 9 మిల్లీసెకన్లు వెనక. డీఎక్స్7 ఆఫ్టర్‌టచ్ కూడా పంపుతుంది. కీ మీద వేలు నొక్కి ఉంచినంతసేపూ ఆ డేటా వరదలా వస్తుంది. క్యూబేస్ ఇన్‌పుట్ ఫిల్టర్‌లో ఆఫ్టర్‌టచ్ కట్టేయండి, తేడా చెవికే తెలుస్తుంది.

రెండో చిక్కు: కీ నొక్కగానే డీఎక్స్7 తనంతట తాను పలుకుతోంది, అదే నోట్ అటారీకి వెళ్ళి తిరిగొచ్చి మళ్ళీ పలికిస్తోంది. 16 వాయిస్‌లు (ఒకేసారి పలికే నోట్లు) కాస్తా ఎనిమిదికి పడిపోతాయి, అందుకే నోట్లు తెగడం. మొదటి మోడల్ డీఎక్స్7లో లోకల్ ఆఫ్ (కీలు తన సొంత శబ్దాన్ని పలికించకుండా ఆపే సెట్టింగ్) లేదు. పైగా అది ఎప్పుడూ ఛానెల్ 1 మీదే పంపుతుంది. వినే ఛానెల్ మాత్రం మార్చుకోవచ్చు: ఫంక్షన్ మోడ్‌లో 8వ బటన్, ఛానెల్ 2. జూనోకి 3: మిడి ఛానెల్ బటన్ నొక్కి పట్టుకొని 3. ఇక డీఎక్స్7 పార్ట్ రికార్డ్ చేసేటప్పుడు క్యూబేస్ ట్రాక్‌ని ఎవరూ వినని ఛానెల్ 16కి పెట్టండి. రికార్డింగ్ అయ్యాక ట్రాక్‌ని 2కి మార్చి ప్లే చేయండి. జూనో పార్ట్‌ని డీఎక్స్7 కీల మీద వాయించాలంటే ట్రాక్ 3లో ఉంచి, డీఎక్స్7 వాల్యూమ్ దించేయడమే.

సోల్డర్‌పొగ:

కరెంటు, జూనో సంగతి చెప్తాను.

110 స్టెప్‌డౌన్ ఆపండి. ఇంట్లో కరెంటు 240 ఉన్న రోజున అది ఇచ్చేది 115. 100 వోల్టుల యంత్రానికి 15 శాతం ఎక్కువ. అదేం చేస్తుందో చూడండి: 15 వోల్టుల రెగ్యులేటర్‌కి (వోల్టేజీని స్థిరంగా ఉంచే భాగం) లోపల 20 వోల్టులు అందుతున్నాయనుకుందాం. రెగ్యులేటర్ మింగేది 5 వోల్టులు. 15 శాతం పెరిగితే అందేది 23, మింగేది 8. పైన పెరిగింది 15 శాతమే, రెగ్యులేటర్ వేడి మాత్రం 60 శాతం పెరిగింది. మన ఎండాకాలంలో నలభై ఏళ్ల నాటి కెపాసిటర్ల పక్కన ఆ వేడి అస్సలు వద్దు.

వైండింగ్ షాపులో 230/100 అని చెప్పి చుట్టించుకోండి. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ కాకుండా ప్రైమరీ, సెకండరీ విడివిడిగా ఉన్నదే కావాలని గట్టిగా చెప్పండి. రెండు సింథ్‌ల వెనక రాసిన వాట్లు కూడి, దానికి రెట్టింపు వీఏ (వోల్ట్-ఆంపియర్, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం) తీసుకోండి. మీ రెంటికీ 200 వీఏ చాలు. ప్రైమరీ వైపు 1 ఆంపియర్ స్లో-బ్లో ఫ్యూజు. రెండు సింథ్‌లూ ఆన్‌లో ఉండగా సెకండరీ కొలిస్తే 95 నుంచి 105 మధ్య ఉండాలి. ప్రయాణాల కోసం అమ్మే, ట్రాన్స్‌ఫార్మర్ లేని తేలికపాటి కన్వర్టర్లు హీటర్లకే పనికొస్తాయి, సింథ్‌కి తగిలించొద్దు. అటారీ, మానిటర్ యూకేవి కాబట్టి నేరుగా మన ప్లగ్గులో.

జూనోకి ఈ పరీక్ష చేయండి. పాలీ 1లో ఒకే కీని ఆరు సార్లు విడివిడిగా నొక్కండి. ఆ మోడ్‌లో ప్రతిసారీ వాయిస్ మారుతుంది. ప్రతి ఆరింటిలో ఒకటే పలకకపోతే ఒక వాయిస్ పోయింది. ఏదో తెలియాలంటే కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకొని పవర్ ఆన్ చేయండి. టెస్ట్ మోడ్‌లో కీ నొక్కినప్పుడల్లా వాయిస్ నంబర్ డిస్‌ప్లేలో కనపడుతుంది.

ఒక్క వాయిసే పోతే దాదాపుగా దాని 80017ఏ చిప్పే. ఫిల్టర్, వీసీఏ (శబ్దం స్థాయి మార్చే భాగం) రెండూ అందులోనే, వాయిస్‌కి ఒకటి చొప్పున ఆరు ఉంటాయి. జంటగా రెండు వాయిస్‌లు పోతే ఎమ్‌సీ5534ఏ ని అనుమానించాలి, అది ఒక్కోటి రెండు వాయిస్‌లకి వేవ్ ఇస్తుంది. ఆరూ ఒకేలా తేడాగా ఉంటే చిప్పుల జోలికి పోకుండా పవర్ సప్లైలో ప్లస్ 15, మైనస్ 15, ప్లస్ 5 కొలవండి.

80017ఏ చెడేది దాని మీద పూసిన నల్ల పూత వల్ల. ఏళ్లు గడిచేకొద్దీ అది కరెంటు లీక్ చేయడం మొదలుపెడుతుంది. చిప్ ఊడదీసి, అసిటోన్‌లో ఒకటి నుంచి మూడు రోజులు నానబెడితే పూత మెత్తబడి పొరలుగా ఊడివస్తుంది. గోకొద్దు, లోపలి చిన్న భాగాలు లేచిపోతాయి. గాజు సీసాలోనే నానబెట్టండి, మూత గట్టిగా, కిటికీ తీసి. ఎక్కువసార్లు చిప్ బతుకుతుంది కానీ హామీ లేదు. కొత్తగా తయారుచేస్తున్న క్లోన్‌లూ దొరుకుతాయి. ఊడదీసేటప్పుడు బోర్డు మీద రాగి గీత లేవకుండా చూడటమే పెద్ద పని: ముందు ప్రతి కాలికీ కాస్త కొత్త 63/37 సోల్డర్ కలిపి, తర్వాత పంపుతో లాగండి. తిరిగి పెట్టాక ఆ వాయిస్ ట్రిమ్మర్లు (సవరించే చిన్న స్క్రూలు) సరిచేయకపోతే ఫిల్టర్ మిగతా ఐదింటితో కలవదు.

బోర్డు ముట్టుకునే ముందు ప్యాచ్‌లు (సింథ్‌లో దాచిన శబ్దాల సెట్టింగులు) దాచుకోండి. టేప్ సేవ్ జాక్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి ఇచ్చి వేవ్ ఫైలుగా రికార్డ్ చేయండి, ఎమ్‌పీ3 వద్దు. వెరిఫై కూడా చేసి చూసుకోండి. లోపలి బ్యాటరీ సోల్డర్ చేసి ఉంటుంది, అది తీస్తే 128 ప్యాచ్‌లూ పోతాయి.

నల్లమెట్టు:

ఛానెల్ 16 పద్ధతితో డీఎక్స్7 శుభ్రంగా పలుకుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టమని ఇచ్చాను. జూనోలో 4వ వాయిస్ ఒక్కటే పలకట్లేదు, చిప్ తీయిస్తాను. క్లాక్ కన్వర్టర్‌ని ఆర్డుయినో ఉనో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో చేసుకోవచ్చా? హమ్ ఇంకా అలాగే ఉంది.

తీగలపని:

నిక్షేపంగా చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉంటే సరుకంతా కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది: 6ఎన్138 ఆప్టోకప్లర్, 1ఎన్4148 డయోడ్, 220 ఓమ్స్ రెసిస్టర్లు మూడు, 470 ఓమ్స్ ఒకటి, 4.7కే (కిలో ఓమ్స్) ఒకటి, డిన్ సాకెట్లు రెండు.

మిడి సాకెట్ 4వ పిన్ నుంచి 220 ఓమ్స్ మీదుగా 6ఎన్138 రెండో కాలికి. 5వ పిన్ మూడో కాలికి. ఆ రెండు కాళ్ల మధ్య డయోడ్, గీత ఉన్న వైపు రెండో కాలికి. 8వ కాలికి 5 వోల్టులు, 5వది గ్రౌండ్, 7వ కాలి నుంచి గ్రౌండ్‌కి 4.7కే. 6వ కాలిని 470 ఓమ్స్‌తో 5 వోల్టులకి లాగి, అక్కణ్ణుంచి ఉనో ఆర్‌ఎక్స్‌కి. 4.7కే వదిలేస్తే ఆప్టోకప్లర్ నెమ్మదించి బైట్లు తప్పుతాయి. మిడి సాకెట్ 2వ పిన్‌ని గ్రౌండ్‌కి కలపొద్దు, ఇన్‌పుట్ వైపు అది ఖాళీగానే ఉండాలి.

బయటికి: రెండు డిజిటల్ పిన్నుల నుంచి చెరో 220 ఓమ్స్ మీదుగా డిన్ 1కి, 3కి. గ్రౌండ్ 2కి. డిన్ సాకెట్‌లో పిన్నుల వరస 1-4-2-5-3. అంటే 1, 3 రెండు చివర్లూ, 2 నట్టనడుమ. సోల్డర్ చేసే వైపు నుంచి చూస్తే అద్దంలోలా తిరగబడుతుంది. స్టార్ట్, క్లాక్ తారుమారయ్యేది ఇక్కడే, సాకెట్ మీద అచ్చువేసిన అంకెలు చూసి కలపండి.

ప్రోగ్రామ్ చిన్నదే. సీరియల్ వేగం 31250. వచ్చే బైట్ 248 అయితే క్లాక్ పిన్ మీద 5 మిల్లీసెకన్ల పల్స్. 250 లేదా 251 అయితే స్టార్ట్ పిన్ పైకి, 252 అయితే కిందికి. 120 బీపీఎమ్‌లో (నిమిషానికి 120 బీట్లు) పల్సుల మధ్య ఎడం 20.8 మిల్లీసెకన్లు, 240లో కూడా 10.4, కాబట్టి 5 ఇముడుతుంది. స్టార్ట్ పిన్ లేచిన వెంటనే మొదటి క్లాక్ పంపితే 606 దాన్ని జారవిడిచి పాటంతా ఒక పల్స్ వెనకే నడుస్తుంది. ఆ మొదటిదానికి మాత్రం 5 నుంచి 10 మిల్లీసెకన్లు ఆగి పంపండి. ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు ఆర్‌ఎక్స్ వైరు తీసెయ్యాలి, లేకపోతే అప్‌లోడ్ ఎర్రర్ ఇస్తుంది.

ఉనోకి కరెంటు ల్యాప్‌టాప్ నుంచి ఇవ్వకండి, విడి ఫోన్ చార్జర్ నుంచి ఇవ్వండి. లేదంటే హమ్‌కి ఇంకో దారి తెరిచినట్టే.

రెండోట్రాక్:

హమ్ విషయం. మిడి ఇన్‌పుట్‌లన్నీ ఆప్టోకప్లర్ వెనక ఉంటాయి, కాబట్టి గ్రౌండ్ లూప్ (రెండు దారుల ఎర్త్ కలిసి ఏర్పడే చుట్టు, హమ్‌కి మామూలు కారణం) ఆడియో కేబుళ్లలోనే ఉంది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. హమ్ పోతే లూప్ చార్జర్ ఎర్త్ గుండా పోతోందన్నమాట. అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి ఇవ్వండి. అప్పటికీ ఉంటే సింథ్‌కి, ఇంటర్‌ఫేస్‌కి మధ్య 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ప్లగ్గు ఎర్త్ పిన్ మాత్రం ఎప్పటికీ తీయకండి.

ల్యాప్‌టాప్‌లో స్పెక్ట్రమ్ ఎనలైజర్ తెరిచి చూడండి. 50, 100 హెర్ట్జ్ దగ్గర గీతలుంటే మెయిన్స్. 71 దగ్గర ఉంటే అది ఎస్‌ఎమ్124, దాని రిఫ్రెష్ రేటు అదే. సింథ్‌ని, కేబుళ్లని మానిటర్‌కి దూరం జరపండి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా ఆడియో కేబుళ్లకి ఒక మీటరు దూరంలో, నేల మీద పెట్టండి. జూనో కోరస్ వేస్తే వచ్చే సన్నని హిస్ వేరే, అది ఆ సర్క్యూట్ స్వభావం, దాన్ని వెతుక్కుంటూ పోవద్దు.

డీఎక్స్7 మోనో, జూనో స్టీరియో, 606 మోనో: మీ నాలుగు ఇన్‌పుట్‌లకి లెక్క సరిపోయింది. నాలుగూ ఒకే టేక్‌లో రికార్డ్ చేయండి. అటారీ క్లాక్, ల్యాప్‌టాప్ ఆడియో క్లాక్ వేర్వేరు క్రిస్టల్స్, విడివిడిగా తీస్తే నిమిషాలు గడిచేకొద్దీ జారతాయి. 24 బిట్, పీక్స్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర. జూనో వెనక లెవెల్ స్విచ్ హెచ్‌లో పెట్టి ఇంటర్‌ఫేస్ గెయిన్ తగ్గిస్తే నాయిస్ తక్కువ.

డీఎక్స్7 బ్యాటరీ కూడా చూసుకోండి: ఫంక్షన్ మోడ్‌లో 14వ బటన్, 3 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. తగ్గితే మార్చే ముందు 32 వాయిస్‌లూ (డీఎక్స్7లో ప్యాచ్‌ల పేరు అదే) సిస్ఎక్స్‌గా (మిడి మీదుగా పంపే సెట్టింగుల సందేశం) అటారీలోకి దించుకోండి. 8వ బటన్ కింద సిస్ ఇన్ఫో అవైలబుల్ పెట్టి, ట్రాన్స్‌మిట్‌కి ఎస్ నొక్కడమే. ఫైలు సరిగ్గా 4,104 బైట్లు ఉండాలి, పంపడానికి పట్టేది 1.3 సెకన్లు. ఒక్క బైట్ తగ్గినా ఆ ఫైలు పనికిరాదు. ఇదే పని ల్యాప్‌టాప్‌తో చేస్తూ బ్రాండ్ లేని చవక యూఎస్‌బీ-మిడి కేబుల్ వాడితే బైట్లు ఎగిరిపోవడం మామూలే, వాటి బఫర్ అంత పొడుగు సందేశాన్ని పట్టదు. తిరిగి ఎక్కించేటప్పుడు ఇంటర్నల్ మెమరీ ప్రొటెక్ట్ ఆఫ్ చేయాలి, పవర్ ఆన్ చేసిన ప్రతిసారీ అది తనంతట తానే ఆన్‌లోకి వెళ్తుంది.