బిల్డర్ చెప్పిన లెక్క కుదురుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి

కర్నూలు నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర 20 సెంట్లలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కడుతున్నారు. బిల్డర్ మా బామ్మర్దికి తెలిసినాయనే. నేను 25 లక్షలు పెడితే రెండేళ్లకు 40 ఇస్తానంటున్నాడు, అంటే ఏడాదికి 26 శాతం పైనే.

క్యాలెండర్ కాగితం వెనక లెక్క రాసి చూపించాడు. కట్టడానికి అడుగుకు 2,000, అమ్మకం 4,200. బాగుంది, కానీ స్థలం ఇచ్చినందుకు దాని ఓనరుకు సగం ఫ్లాట్లు పోతాయి కదా! అప్పుడు బిల్డర్ అమ్ముకునే ప్రతి అడుగుకూ ఖర్చు 4,000 అవ్వదా? మిగిలే 200లో వడ్డీలు, బ్రోకర్ కమీషన్, మళ్లీ నా లాభమా? అదే అడిగితే "రేట్లు పెరుగుతాయిలే అన్నా" అని టీ తెప్పించాడు.

ఎనిమిది ఫ్లాట్లు దాటాయి కాబట్టి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, అడిగితే వస్తోందంటాడు. నాకు ప్రామిసరీ నోటు చాలా, లేక ఫ్లాట్ల మీద రిజిస్టర్డ్ అగ్రిమెంటే అడగాలా?