ఇల్లు లేని నలుగురైదుగురిని ఒకే ఇంట్లో ఉంచాలంటే ఎలా?

మాది విజయవాడ. సింగ్ నగర్‌లో మా అమ్మమ్మగారి పాత డాబా ఉంది. మూడు గదులు, వెనక బోరింగు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చాక అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారు, మళ్లీ ఎవరూ రాలేదు.

నెహ్రూ బస్టాండు బయట ఫ్లెక్సీ పరుచుకుని పడుకునే ఒక పెద్దాయన నాకు బాగా తెలుసు. పొద్దున్నే మూటలు మోసే పనికి పోతాడు. తిండి ఎవరో ఒకరు పెడతారట, సంచీ పెట్టుకోవడానికే చోటు లేదట. ఆధార్ కార్డుని పాల కవర్లో చుట్టి, బనియన్ లోపల జేబు కుట్టించుకుని దాచుకున్నాడు. అది చూశాకే ఈ ఆలోచన వచ్చింది.

లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. షెల్టర్లు వద్దని కాదు. కానీ సొంత తాళం, సొంత గిన్నె ఉండటం వేరు కదా.

ఇలాంటి నలుగురికి ఆ ఇల్లు ఇవ్వాలనుంది. ఊరికే కాదు, తలా కొంత అద్దె తీసుకుని. ఊరికే ఇస్తే ఆయనే రానన్నాడు!

అగ్రిమెంటు నలుగురి పేరునా రాయాలా, విడివిడిగానా? ఆ అడ్రసుతో ఆధార్ మార్పించవచ్చా? సొసైటీ రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు కావాలి, ఆ తలనొప్పి లేకుండా కుదరదా? ఒకరు తాగొచ్చి గొడవ చేస్తే వెళ్లిపొమ్మనాల్సింది నేనా, మిగతా ముగ్గురా? అన్నిటికంటే నాకు ఇదే టెన్షన్.

పక్కింటివాళ్లు అప్పుడే మొహం చిట్లిస్తున్నారు. ఇలాంటిది చేసినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.