అప్‌డేట్: విశ్వం పరిమితమా, అనంతమా?

విశ్వానికి అంతు ఉందా అని అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. వక్రత (అంతరిక్షం ఎంత వంగి ఉందన్న కొలత) సంగతి చూడమన్న సలహాయే పనికొచ్చింది; ఖగోళ భౌతికశాస్త్రం బోధించే ఒక అధ్యాపకురాలు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టారు.

విశ్వం తొలినాటి వెలుగైన నేపథ్య వికిరణాన్ని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం 2018 ఫలితాల్లో, గెలాక్సీల సర్వేలతో కలిపి చూస్తే, వక్రత దాదాపు సున్నా, అనిశ్చితి 0.2 శాతమే. అంటే విశ్వం చదునుగా ఉంది. అలాగని అనంతమని తేలిపోదు (నాకు బాగా నచ్చిన మెలిక ఇదే). నేరుగా వెళ్తూ బయలుదేరిన చోటికే చేరే, టోరస్ అనే ఆకారం కూడా చదునైనదే. విశ్వం అలా, మనకు కనిపించే మేర కంటే చిన్నగా చుట్టుకుని ఉంటే నేపథ్య వికిరణంలో ఒకేలాంటి వలయాలు జంటలుగా కనిపించాలి. వెతికారు, దొరకలేదు. మనకు కనిపించేది అన్ని దిశల్లో సుమారు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల మేరకే. ఆవలి సంగతి తేలలేదు.

జవాబుల్లో వచ్చిన కృష్ణబిలాల చర్చకు దీనితో సంబంధం లేదు. ‘అంచు అవతల ఏముంది’ అన్నదీ అంతే: పరిమితమైనా అంచు ఉండనక్కర్లేదు.