అమ్మ కోసం ఇంట్లోనే బ్యాటరీ బండి కడుతున్నా, మూడు చక్రాలా నాలుగా?

కాప్రా_షెడ్:

అందరికీ నమస్తే. మాది కాప్రా వైపు ఒక పాత కాలనీ, గేటు ఉంది, లోపల రోడ్లు సిమెంటువే కానీ ఎత్తుపల్లాలు ఎక్కువ. అమ్మకి మోకాళ్లు బాగా అరిగిపోయాయి, షుగర్ ఉంది కాబట్టి ఆపరేషన్ ఇప్పట్లో వద్దన్నారు. కాలనీలో గుడి, కూరగాయల బండ్లు ఆగే మూల, మా పెద్దమ్మ వాళ్ల ఇల్లు, ఈ మూడు చోట్లకీ తనంతట తాను వెళ్లి రావాలని ఆమె కోరిక. వీల్‌చైర్ అంటే అస్సలు ఒప్పుకోదు, వెనక నుంచి ఎవరో తోస్తుంటే కూర్చోవడం ఇష్టం లేదంటుంది, నాకూ అది న్యాయమే అనిపించింది. దొరికే మొబిలిటీ స్కూటర్లు చూశాను, వాటి చక్రాలు మరీ చిన్నవి, మా స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు భాగం రాసుకుంటుంది. అందుకే నేనే కడదామని కూర్చున్నా.

ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. ఆర్క్ వెల్డింగ్ మెషీన్, గ్రైండర్, డ్రిల్లు ఉన్నాయి, లేత్ లేదు. వెల్డింగ్ గేట్లకీ, కిటికీ గ్రిల్స్‌కీ చేసిన చెయ్యే, కానీ మనిషి కూర్చుని తిరిగే బండి ఇదే మొదటిది. ఆటోలాగా ముందు ఒకటి, వెనక రెండు చక్రాలు పెట్టి, సీటు కింద బ్యాటరీ, స్పీడు 12 దాటకుండా చేద్దామని నా ఆలోచన. మూడు చక్రాలైతే స్టీరింగ్ సులువు, స్కూటర్ ఫోర్కే పెట్టేయొచ్చు. కానీ మా మామయ్య బోల్తా పడుతుంది అంటున్నాడు. 12 స్పీడులో కూడా పడుతుందా? ఇంకా మోటార్ ఎంతది తీసుకోవాలి, చక్రంలోనే ఉండే హబ్ మోటారా, డిఫరెన్షియల్‌తో (మలుపులో రెండు చక్రాల్నీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) వచ్చేదా? సామాను కొనకముందే అడుగుతున్నా, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బాలానగర్_లేత్:

తమ్ముడూ, మోటార్ సంగతి తర్వాత చూద్దాం. మీ మామయ్య చెప్పింది నిజం, 12లో కూడా పడుతుంది. ఎలాగో లెక్క చూపిస్తా, నువ్వే నీ కొలతలతో మళ్లీ వేసుకో.

వెనక రెండు చక్రాల మధ్య దూరం 80 సెం.మీ. అనుకో. మనిషి కూర్చున్నాక మొత్తం బరువు కేంద్రం నేల నుంచి 60 సెం.మీ. ఎత్తులో ఉంటుందనుకుందాం, సీటు మీద మనిషి ఉంటే అంతకు తక్కువ రావడం కష్టం. నాలుగు చక్రాల బండికి సగం వెడల్పుని ఎత్తుతో భాగిస్తే 40 బై 60, అంటే 0.67. పక్కకు తోసే బలం బండి బరువులో అంత భాగం అయ్యేదాకా చక్రం లేవదు. మూడు చక్రాలకి ఈ లెక్క మారుతుంది, ఎందుకంటే ముందు చక్రం దగ్గర వెడల్పు సున్నా. బరువులో 60 శాతం వెనక రెండింటి మీద ఉంటే, పనికొచ్చే సగం వెడల్పు 40లో 60 శాతమే, అంటే 24 సెం.మీ. 24 బై 60 అంటే 0.4. ఇప్పుడు 3 మీటర్ల వ్యాసార్థంలో మలుపు తీసుకో, ఇంటి గేటు నుంచి రోడ్డెక్కేటప్పుడు అంతే ఉంటుంది. మూడు చక్రాల బండి గంటకు 12 కిలోమీటర్ల దగ్గరే లోపలి చక్రం ఎత్తేస్తుంది, నాలుగు చక్రాలది 16 దాకా ఆగుతుంది. పైగా రోడ్డు పక్కకి వాలి ఉంటే, మలుపులోనే బ్రేక్ కొడితే, ఇంకా ముందే పడుతుంది. కాలు ఆనించి ఆపుకునే శక్తి అమ్మగారికి ఉండదు కదా. కాబట్టి నాలుగు చక్రాలే.

నాలుగైతే ఇంకో చిక్కు ఉంది. గట్టి ఫ్రేముకి నాలుగు చక్రాలు బిగిస్తే గుంతలో ఒకటి గాల్లోకి లేస్తుంది. ట్రాక్టర్ ముందు ఇరుసు చూశావా, మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది, అలా పెట్టొచ్చు. కానీ పూర్తిగా వదిలేస్తే పక్కకి పడే విషయంలో అది మళ్లీ మూడు చక్రాల బండే. రెండు వైపులా రబ్బరు ముక్కలు పెట్టి, చక్రం దగ్గర 3, 4 సెం.మీ. మాత్రమే ఊగేలా ఆపు.

స్టీరింగ్‌కి భయపడకు, సుద్దముక్క చాలు. ఫ్రేముని నేల మీద పెట్టి, వెనక ఇరుసు సరిగ్గా మధ్య నుంచి ముందు రెండు కింగ్‌పిన్లకీ (ముందు చక్రం పక్కకి తిరిగే నిలువు పిన్నులు) రెండు గీతలు గీయి. కింగ్‌పిన్ నుంచి వెనక్కి వచ్చే స్టీరింగ్ ఆర్మ్ చివర, రెండు చక్రాలనీ కలిపే టై రాడ్ బోల్టు పట్టే రంధ్రం ఆ గీత మీదే పడాలి. ముందు, వెనక ఇరుసుల మధ్య 120, కింగ్‌పిన్ల మధ్య 65 సెం.మీ. ఉంటే, 12 సెం.మీ. ఆర్మ్ చివర దాదాపు 3 సెం.మీ. లోపలికి వాలి ఉంటుంది. అప్పుడు మలుపులో లోపలి చక్రం బయటి దానికంటే ఎక్కువ తిరుగుతుంది, టైర్లు ఈడ్చుకోవు, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. నొప్పి ఉన్న చేతులకి ఆ తేలిక చాలా ముఖ్యం.

కింగ్‌పిన్‌కి మామూలు గేటు బోల్టు వాడొద్దు. 16 ఎంఎం, తల మీద 8.8 అని బలం గ్రేడు ముద్ర ఉన్నది తీసుకో, గన్‌మెటల్ బుష్‌లు లేత్ మీద చేయించు. కుషాయిగూడ పారిశ్రామికవాడ నీకు దగ్గరే, అక్కడ చేసిస్తారు. ఫ్రేముకి 40 బై 40, 2 ఎంఎం మందం చదరపు పైపు సరిపోతుంది, మీటరుకి 2.3 కేజీలు వస్తుంది. అన్ని మూలలూ ముందు ట్యాక్ (చుక్క వెల్డింగ్) మాత్రమే వెయ్యి, టేపుతో రెండు ఐమూలలూ కొలువు, తేడా 2 ఎంఎం దాటితే సుత్తితో సరిచేసి, అప్పుడు ఒక మూల ఇటు, ఒక మూల అటు మార్చి మార్చి పూర్తి వెల్డింగ్ వెయ్యి. ఒకే వైపు వరసగా కాల్చుకుంటూ పోతే ఫ్రేము మెలి తిరుగుతుంది.

కోఠీ_సర్క్యూట్:

లేత్ అన్న చెప్పింది అక్షరాలా సరైంది. మోటార్, బ్యాటరీ నేను చెప్తా.

అమ్మగారు 70, బండి 80, బ్యాటరీ, కూరగాయల సంచీ కలిపి 20, మొత్తం 170 కేజీలు అనుకుందాం. పది మీటర్లకి ఒక మీటరు ఎక్కే వాలు మీద ఈ బరువుని లాగడానికి సుమారు 167 న్యూటన్లు కావాలి, టైర్ల రాపిడికి ఇంకో 33, మొత్తం 200. గంటకు 8 కిలోమీటర్లతో ఎక్కాలంటే చక్రం దగ్గరే 440 వాట్లు. మధ్యలో పోయేది లెక్కేస్తే బ్యాటరీ నుంచి 600 పైనే లాగుతుంది. అందుకే 48 వోల్టులు, 650 వాట్ల గేర్డ్ మోటార్, డిఫరెన్షియల్‌తో కలిపి వచ్చే చిన్న సైజుది తీసుకో. గేరు లేని హబ్ మోటార్ చదును రోడ్డు మీద బాగుంటుంది కానీ ఎత్తులో మెల్లగా పోతున్నప్పుడు కరెంటంతా వేడిగా మారుతుంది, మీ కాలనీకి అది వద్దు.

బ్యాటరీకి ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ 16 వరసగా, 20 ఆంపియర్ అవర్లు చాలు. అది దాదాపు ఒక యూనిట్ కరెంటు. చదును మీద కిలోమీటరుకి 15 నుంచి 20 వాట్ అవర్లు ఖర్చయినా గుడికి వారం తిరగొచ్చు. ఎక్కువ పెడితే బరువూ, డబ్బూ రెండూ దండగ. ఛార్జర్ 58.4 వోల్టులది, ఎల్ఎఫ్‌పీ కోసం చేసిందే ఉండాలి, పాత లెడ్ యాసిడ్ ఛార్జర్ తగిలించొద్దు. బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే బ్యాటరీ మేనేజ్‌మెంట్ బోర్డు) తప్పనిసరి. ఫ్యూజు ప్లస్ తీగకి, బ్యాటరీకి ఆనుకునే పెట్టు, మోటార్‌కి కరెంటు అందించే కంట్రోలర్ దగ్గర పెడితే మధ్య తీగ ఒరుసుకుపోయి షార్ట్ అయినప్పుడు కాపాడదు. బ్యాటరీ కలిపేటప్పుడు కంట్రోలర్ కెపాసిటర్ల వల్ల టప్పున నిప్పురవ్వ వస్తుంది, ఆ రవ్వ రాకుండా లోపలే రెసిస్టర్ ఉన్న కనెక్టర్లు దొరుకుతాయి, అవే వాడు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, ఛార్జింగ్ మెట్ల కింద, తలుపు దగ్గర పెట్టకండి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పై అంతస్తుల్లో లాడ్జిలో ఉన్న 8 మంది చనిపోయారు. ఎల్ఎఫ్‌పీ మిగతా లిథియం రకాల కంటే నిదానమైనదే, అయినా మనుషులు బయటికొచ్చే దారిలో మాత్రం వద్దు. మీ షెడ్డు విడిగా ఉంది కాబట్టి అక్కడే ఛార్జ్ చేయండి.

యాక్సిలరేటర్ స్కూటర్‌లా తిప్పేది వద్దు. బండి కుదిపితే మనిషి భయంతో హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటాడు, పట్టుకుంటే చెయ్యి ఇంకా తిరుగుతుంది, బండి ఇంకా ఉరుకుతుంది. బొటనవేలితో నొక్కేది పెట్టు, వదిలేస్తే ఆగుతుంది. బ్రేక్ లివర్‌కి స్విచ్ పెట్టి కంట్రోలర్ బ్రేక్ తీగకి కలిపితే, లివర్ తాకగానే మోటార్ కట్ అవుతుంది.

బోయిన్‌పల్లి_కుర్రాడు:

అన్నా, బేరింగులు, బోల్టులు, చక్రాలకి రాణిగంజ్ ఒక రోజు పెట్టుకో. తీగలు, కనెక్టర్లకి కోఠీ గుజరాతీ గల్లీ. పాత స్కూటర్ హబ్బులు, డిస్క్ బ్రేకులకి జుమ్మెరాత్ బజార్ గురువారం పొద్దున్నే వెళ్తే దొరకొచ్చు, కానీ బ్రేక్ ప్యాడ్లు, కేబుళ్లు మాత్రం కొత్తవే కొను. ప్లేట్లు లేజర్ కటింగ్ కావాలంటే రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం ఉంది, ఒకసారి అడిగి చూడు.

ఇంకా బహదూర్‌పురాలో జూ పార్కు దగ్గర సుధా కార్స్ మ్యూజియం తప్పకుండా చూడు. సుధాకర్ గారు తుక్కుతో చేసిన బండ్లన్నీ అక్కడే ఉన్నాయి, 2005లో ప్రపంచంలోనే పెద్ద ట్రైసైకిల్ తొక్కి గిన్నిస్ రికార్డు సాధించింది ఆయనే. నేను వెళ్లినప్పుడు జనం బర్గర్ ఆకారం కారు చుట్టూ మూగారు, నేను మాత్రం వంగి కింద స్టీరింగ్ లింకులు చూస్తూ ఉండిపోయా. పుస్తకం కంటే అలా చూస్తే తొందరగా అర్థమవుతుంది.

కాప్రా_షెడ్:

చాలా థాంక్స్ అందరికీ. లెక్క నా కొలతలతో వేశాను, నాలుగు చక్రాలే ఖాయం. గేటు బయట రెండు వందల మీటర్లలో మందుల షాపు ఉంది, అక్కడిదాకా అమ్మ వెళ్లొచ్చా, పోలీసులు ఆపుతారా? ఇంకా బ్రేకులు వెనక మాత్రమే చాలా?

సికింద్రాబాద్_వకీలు:

చట్టం సంగతి చెప్తాను. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం మోటార్ శక్తి 0.25 కిలోవాట్ లోపు, గరిష్ఠ వేగం 25 కిలోమీటర్ల లోపు ఉంటే బ్యాటరీ బండిని మోటారు వాహనంగా లెక్కించరు. కానీ ఆ మాట పుణేలోని ఏఆర్ఏఐ (ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) లాంటి గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరించాలి, మనం ఇంట్లో కట్టి చిన్నదే కదా అంటే కుదరదు. మీది 650 వాట్లు కాబట్టి ఆ మినహాయింపు ఎలాగూ రాదు. 250 వాట్లకి తగ్గిద్దామంటే ఆ ఎత్తులో బండి నడక వేగం కూడా అందుకోదు. కాబట్టి గేటు బయటికి తీయకండి. రిజిస్ట్రేషన్ లేని బండి ఎవరికైనా తగిలితే బీమా కూడా ఉండదు, ఆ భారం మొత్తం మీ మీదే పడుతుంది. కాలనీ లోపల కూడా జనానికి రాకపోకల హక్కు ఉన్న దారి అయితే చట్టం దాన్ని బహిరంగ స్థలంగానే చూస్తుంది, అందుకని సంఘంతో ముందే మాట్లాడి, అనుమతి కాగితం మీద తీసుకోండి. బయటికి వెళ్లి తీరాలంటే కంపెనీ స్కూటర్‌కి పక్క చక్రాలు పెట్టించి, ఆర్టీఓ దగ్గర దివ్యాంగుల వాహనంగా నమోదు చేయించుకునే దారి చూడండి.

బాలానగర్_లేత్:

బ్రేకులు ముందు రెండింటికీ డిస్క్, ఒకే లివర్‌తో రెండూ సమానంగా పట్టాలి, లేదంటే బండి ఒక పక్కకి లాగుతుంది. వెనక దానికి విడిగా హ్యాండ్ బ్రేక్, లాక్ పడేది. వాలు మీద ఆపి, బండి దిగేటప్పుడు అది కదిలితే అమ్మగారు పడిపోతారు, కాబట్టి ఆ లాక్ వేస్తే మోటార్ కూడా పనిచేయకుండా స్విచ్ పెట్టు.

ఇప్పుడు అసలు తేల్చుకోవాల్సింది సీటు ఎత్తు. మోకాళ్ల నొప్పికి సీటు ఎంత ఎత్తుంటే లేవడం అంత సులువు, కానీ సీటు పెరిగిన కొద్దీ నేను పైన చెప్పిన 60 కూడా పెరుగుతుంది, 70 అయితే 0.67 కాస్తా 0.57కి పడిపోతుంది. దాన్ని సరిచేయాలంటే చక్రాల మధ్య వెడల్పు 80 నుంచి 93కి పెంచాలి, అప్పుడు మీ ఇంటి గేటు వెడల్పు చూసుకోవాలి. అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, కింద పలకలు ఒక్కొక్కటి పెంచుకుంటూ, ఏ ఎత్తులో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవగలుగుతున్నారో చూడు. పొద్దున ఒకసారి, సాయంత్రం నొప్పి ఎక్కువ ఉన్నప్పుడు ఒకసారి కొలువు, సాయంత్రం కొలతే తీసుకో. అది ఇక్కడ పెట్టు, వెడల్పు లెక్క వేసి చెప్తా. అప్పటిదాకా పైపు కోయకు.