మందులకు లొంగని పుండుకు తేనె కట్టు: అనుభవజ్ఞుల సలహా కావాలి

మధుమేహం ఉన్న మా నాన్నగారి కాలి పుండులో మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టెఫైలోకోకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఉన్నట్లు కల్చర్ పరీక్షలో తేలింది. యాంటీబయాటిక్ మానకుండానే, దానికి తోడుగా తేనె కట్టు వాడవచ్చునేమో మా వైద్యుణ్ణి అడగాలనుకుంటున్నాను. మామూలు తేనెలో చక్కెర గాఢత, ఆమ్లత్వం, గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ వల్ల పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ బ్యాక్టీరియాను అణచివేస్తాయనీ, పుండులోని కెటలేజ్ అనే ఎంజైమ్ ఆ పెరాక్సైడ్‌ను విడగొట్టేసినా న్యూజిలాండ్ మనుకా తేనె మాత్రం మిథైల్‌గ్లయాక్సాల్ అనే రసాయనం బలంతో పనిచేస్తుందనీ చదివాను. గామా కిరణాలతో శుద్ధి చేయని తేనెలో క్లాస్ట్రీడియం అనే హానికర బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు కనుక, మా మేనత్త ఎంత పట్టుబట్టినా వంటింటి సీసా జోలికి పోను. పుండ్ల చికిత్సలో అనుభవమున్న వైద్యులు, నర్సులు దయచేసి చెప్పండి: రసి ఎక్కువగా కారే పుండుకు అటువంటి కట్టును ఎంత తరచుగా మార్చాలి? మన కొండ తేనెకు మనుకా తేనెకున్న ఈ గుణం ఉందో లేదో నమ్మదగిన పరీక్షలేమైనా జరిగాయా?